ఉప్పుకోటలో హత్య, మా ఇంటి పై వాటా

విజయవాడ, పటమట కాపురస్తురాలు, కీర్తిశేషులు చౌడయ్య గారి భార్య చౌడేశ్వరమ్మ అనే నేను, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. నా బుద్ధి నిలకడ గురించి నా కొడుక్కి కొన్ని సందేహాలున్నాయి. అందుకని పోయిన వారం డాక్టరు గారి దగ్గర కాగితం రాయించుకుని దీనికి జతపరిచాను. నేను ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు.

1. నేనూ మా ఆయనా మగ్గం అమ్మి పెట్టిన బట్టల కొట్టు, సరుకుతో సహా, నా తదనంతరం నా ఏకైక కుమారుడు హరిబాబుకు చెందాలి. ఒక షరతు. నేత చీరల బీరువాను మూలకు నెట్టి, ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు వేలాడదీయకూడదు. మరో షరతు ఐదో క్లాజులో ఉంది.

2. ఇంటి పై వాటా, దాని మీద వచ్చే అద్దెతో సహా, సర్వహక్కులతో నా మనవరాలు సాయిశ్రీకి చెందాలి. రేపు తగాదాలు రాకుండా కారణం కూడా రాస్తున్నాను.

2003 ఎండాకాలంలో నా కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. టీవీ చూడొద్దన్నారు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న సాయిశ్రీ, పుస్తకాల పండగలో కొనుక్కున్న ఇంగ్లీషు నవల ఒకటి పట్టుకొచ్చి, నా పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ చదవడం మొదలుపెట్టింది. ఉప్పుతో కట్టిన కోట. అందులో రాణిగారి పక్షుల్ని చూసుకునే ముసలాయనను ఎవరో చంపేశారు. ఆ రాజ్యంలో చనిపోయినవాళ్ళ నీడ ఏడు రోజులు అక్కడే ఉంటుందట. ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెబుతుందట. ఆ ఒక్క ప్రశ్న ఏం అడగాలా అని పదహారేళ్ళ పిల్ల ఒకతి కోటంతా తిరుగుతుంది.

మొదటి రోజు "నీడలు మాట్లాడ్డమేంటే, చోద్యం కాకపోతే" అన్నాను. నాలుగో రోజుకి చేతిలో కాఫీ చల్లారిపోతున్నా తాగడం మర్చిపోయాను. వంటవాణ్ణి అనుమానించాను. తర్వాత రాణిగారి తమ్ముణ్ణి, ఆ తర్వాత మంత్రిని. శవం గుప్పిట్లో గుడ్డముక్క దొరికితే, అది చిరిగింది కాదు, కత్తిరించిందని నేను వెంటనే చెప్పాను. ఆ సంగతి పుస్తకంలో పిల్లకి నలభై పేజీల తర్వాత గాని తట్టలేదు. ముప్పై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నదాన్ని, నాకా మాత్రం తెలియదా!

ఇంకా అరవై పేజీలున్నాయనగా హరిబాబు పిల్లని కంకిపాడు దారిలో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో చేర్చాడు. "ఆదివారాలు వెళ్ళి చూసి రావచ్చులే అమ్మా" అన్నాడు. సరే, ప్రతి ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కాను. సున్నుండల డబ్బా అడుగున పుస్తకం. పిల్లలతో మాట్లాడనిచ్చేది అరగంట. పది నిమిషాలు అది ఏడ్చేది. ఆ తర్వాత నాలుగు పేజీలు చదివేది.

ఆరో ఆదివారం వార్డెన్ తెరేసమ్మ గారు పట్టుకున్నారు. "ఇదేంటండీ అమ్మగారూ, దయ్యాల కథలు! ఇవి ఎంసెట్‌లో అడుగుతారా అండీ?" అని పుస్తకం లాక్కున్నారు. రెండు వారాల తర్వాత తిరిగిచ్చారు. చివరి పేజీల మధ్య ఆవిడ బస్సు టిక్కెట్టు గుర్తుగా పెట్టి ఉంది. "ఎవరు చంపారో తెలుసా అండీ?" అన్నారు. నేను వద్దు వద్దంటున్నా వినకుండా పేరు చెప్పేశారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఈ కాగితం చూసేవాళ్ళలో ఆ నవల చదవనివాళ్ళుంటారు.

తిరుగు బస్సులో నాకు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. ఇల్లు చేరేలోపు ఒకటి నిశ్చయించుకున్నాను. పిల్లకి ఈ సంగతి తెలియకూడదు. ఆ తర్వాత తొమ్మిది ఆదివారాలు ఏమీ ఎరగనిదానిలా కూర్చున్నాను. "మంత్రేనే, నా మాట విను" అని పందెం కూడా కాశాను. చివరికి పేరు బయటపడగానే "ఓరి నాయనో!" అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. హాస్టల్లో చేరాక సాయిశ్రీ నవ్వడం అదే మొదలు. "నీ మొహం నువ్వు చూసుకోవాలి నానమ్మా!" అని డొక్కలు పట్టుకుని నవ్వింది. సాయీ, నాకు ముందే తెలుసు. కోప్పడకు.

ఆ రోజే గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నాకీ లెక్కలొద్దు నానమ్మా. కథలు చదివే చదువేదైనా ఉంటే అది చదువుతా" అంది. ఇంటర్ ఎలాగో గట్టెక్కింది. హరిబాబు ఇంజనీరింగ్ అన్నాడు. "బి.ఏ. చదివి ఏం చేస్తదమ్మా అది?" అని నా మీద అరిచాడు. కొట్టు నా పేరున ఉంది, తాళాలు నా బొడ్లో ఉన్నాయి. శ్రావణమాసంలో, చీరల బేరాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, రెండు రోజులు షట్టరు ఎత్తనివ్వలేదు. మూడో రోజు పొద్దున్నే వాడే బి.ఏ. దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు. పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరంలో ఉంది. మానిపించేస్తానని వాడు నెలకోసారి అంటూనే ఉన్నాడు. నేను పోయాక ఆ మాట ఎవరూ అనకుండా ఉండటానికే ఈ పై వాటా.

3. తెరేసమ్మ గారికి ఒక నేత చీర, ఒక తువ్వాలు. చీర, ఆ తర్వాత మమ్మల్ని చూసీ చూడనట్టు వదిలేసినందుకు. తువ్వాలు, నోటికి కట్టుకోవడానికి.

4. నా రెండు పేటల గొలుసు కోడలు నాగలక్ష్మికి. డబ్బాలో పుస్తకం పట్టేలా సున్నుండలు తగ్గించి సర్దింది తనే. నన్ను ఒక్క ముక్క అడగలేదు, మొగుడికి ఒక్క ముక్క చెప్పలేదు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత కూడా తనదే.

5. ఆ నవల హరిబాబుకు. కొట్టు స్వాధీనం చేసుకునే ముందు వాడు దాన్ని పూర్తిగా వినాలి. కూతురు పక్కన కూర్చుని రోజుకు నాలుగు పేజీలు తెలుగులో చెబుతుంది. ముందే పేజీలు తిప్పి చూడకూడదు. అన్నాళ్ళూ తెరేసమ్మ గారిని ఇంటి దరిదాపులకు రానివ్వకూడదు.

6. సాయిశ్రీ ఇప్పుడు సొంతంగా ఒక నవల రాస్తోంది. దాని మీద ఇంట్లో ఎవరికీ ఏ హక్కూ లేదు. మొన్న మొదటి అధ్యాయం చదివి వినిపించింది. మొదటి పేజీలోనే హత్య. చచ్చిపోయేది పటమటలో బట్టల కొట్టు నడిపే ముసలావిడ. "ఎవరే నన్ను చంపింది?" అని అడిగాను. "ఇంకా తేల్చుకోలేదు నానమ్మా. రెండేళ్ళు పట్టేట్టుంది" అంది. అంతవరకు ఈ వీలునామా అమల్లోకి రాకుండా చూసుకునే పూచీ నాది.

2006 నవంబరు 19, ఆదివారం, పటమట.

(సంతకం) చౌడేశ్వరమ్మ

మా ఎదుట సంతకం చేశారు. సాక్షులు:
1. సంజీవరావు, టైలరు, పటమట
2. నాంచారమ్మ, చేపల వ్యాపారం, పటమట