గౌతమికి ఒక అతిథి బెర్త్

14 నవంబరు 1999, ఆదివారం

శైలజ నన్ను తన గుమ్మం ఎక్కనివ్వలేదన్న మాట అబద్ధం. ఈ కాగితం మీదనైనా నిజం ఉండాలి.

నిన్న శైలజ వాళ్ళుండే గిరావీన్‌లో, కార్తీక వనభోజనాల దగ్గర, గుడిలో కలిసే రాజ్యలక్ష్మి గారు అన్నారట— "పాపం, ఆయన ధనిష్ఠా నక్షత్రంలో పోయారు కదా. ఆ దోషం తన ఇంటికి తగులుతుందని కూతురు తల్లిని ఆ పడవలోనే వదిలేసింది." నలుగురూ అయ్యో అన్నారట.

జరిగింది ఇది. పన్నెండో రోజు అయ్యేదాకా శైలజ ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు ఉదయం అల్లుణ్ణి కారు తీయమన్నాను. శైలజ ఏడ్చింది. నేను ఏడవలేదు. సిడ్నీకి ఉత్తరాన పిట్‌వాటర్ ఒడ్డున, పడవలు కట్టుకునే ఈ మెరీనాకు, ఈ పడవకు నా అంతట నేనే వచ్చాను. ఉద్యోగాలు విరమించాక ఇల్లు అమ్మి మేమిద్దరం కొనుక్కున్నది దీన్నే. నాకు ఇల్లంటే 'గౌతమి'. వేరొకటి లేదు.

ఎవరో వదిలేస్తే మిగిలిపోయినదాన్ని కాను.

15 నవంబరు

వాన. పెరుగన్నం. జెట్టీకి కట్టిన తాళ్ళు కిర్రుమంటున్నాయి. వేరే విశేషం లేదు.

17 నవంబరు

మెరీనా మేనేజరు కాలిన్ వచ్చాడు. జెట్టీ మీదే నిలబడ్డాడు. పిలవనిదే పడవ ఎక్కడు. టోపీ చేతిలో తిప్పుతూ, నీళ్ళకేసి చూస్తూ మాట్లాడాడు. జెట్టీ దగ్గర పడవ కట్టుకునే చోటు, బెర్త్, మా ఆయన పేరున ఉంది. నా పేరున మార్చాలంటే ఒక నియమం. పడవలోనే కాపురం ఉండే మనిషి, అవసరమైన రోజున తానొక్కతే పడవను బయటికి తీసి, నీటి నడుమ లంగరేసిన మూరింగ్ బోయాకు కట్టగలగాలి. క్రిస్మస్‌లోగా అతని కళ్ళ ముందు చేసి చూపించాలి. చేయలేకపోతే బెర్త్ వరసలో తరువాతివాళ్ళకు పోతుంది. నేను గిరావీన్‌కు పోతాను— ఆ మాట అతడు అనలేదు.

"ఇన్నేళ్ళూ అడగలేదే?"

"ఇన్నేళ్ళూ ఇద్దరున్నారు, లవ్."

ఆ పిలుపు నాకు నచ్చదని మరోసారి చెప్పాను. సారీ అన్నాడు. రేపు మళ్ళీ అలాగే పిలుస్తాడు.

18 నవంబరు

మూరింగ్ పట్టడం ఇద్దరు చేసే పని. చుక్కాని నాది. కొక్కెం కర్ర ఆయనది.

దసరా మర్నాడు రెఫ్యూజ్ బేలో ఉన్నాం. కొండ మీది నుంచి నీళ్ళు దూకే చోటు. వచ్చిపోయే పడవల కోసం అక్కడ నీటి మీద తేలే గులాబీ రంగు బోయాలు వేసి ఉంచుతారు; ఎవరైనా కట్టుకోవచ్చు, ఒక రోజుకు మించి ఉండకూడదు. గాలికి ఎదురుగా, నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చాను. ఆయన పడవ ముందుకొసన వంగి, బోయా తాడును కొక్కేనికి తగిలించి, పైకి లాగి కట్టారు. "పట్టాను" అన్నారు. ఆ మాట, ఇంజను ఆపమని నాకు సంకేతం. ఆపాను. ఆయన అక్కడే కూర్చున్నారు. జలపాతం చూస్తున్నారనుకున్నాను. టీ పెట్టాను. పిలిచాను...

ముడి గట్టిగా ఉంది. పోలీసు లాంచీవాళ్ళు దాన్ని విప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డారు.

21 నవంబరు, ఆదివారం

కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి క్యాబిన్ తలుపుకు కొత్త తాళం. నా ఇంటికి. కాలిన్‌ను అడిగితే ముఖం ఎర్రబడింది— నీ కూతురు ఫోను చేసి వేయమంది, మీ మతానికి సంబంధించిన విషయమంది, నేను కాదనలేకపోయాను.

అతని ఆఫీసు ఫోనులోనే మాట్లాడాను.

"నా ఇంటికి తాళం వేయించింది నువ్వా?"

"అమ్మా, కోప్పడకు. పంతులు గారు చెప్పారు. ధనిష్ఠ కదా, ప్రాణం పోయిన ఇల్లు సిక్స్ మంత్స్ క్లోజ్ చెయ్యాలట. నాన్న పోయింది బోట్‌లోనే కదా. నీకేమైనా అయితే..."

"ఆ పంతులు గారిని లైనులోకి పిలువు."

ఆ పంతులబ్బాయి వారమంతా బ్యాంకు కంప్యూటర్లను రెండు వేల సంవత్సరపు తేదీకి తడబడకుండా సిద్ధం చేస్తాడు. పౌరోహిత్యం శని, ఆదివారాలు. గొంతు మెత్తన. శాస్త్రప్రకారం గృహాన్ని... అని మొదలుపెట్టాడు.

"పడవ గృహమా, వాహనమా?"

అవతల పుస్తకం తిరగేసిన చప్పుడు.

"వాహనానికి చెప్పలేదమ్మా. కానీ మీరు అందులో కాపురం ఉంటున్నారు కదా."

"ప్రాణం పోయిన చోట నేల లేదు నాయనా. నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు ఆ పూటే సముద్రంలోకి పోయాయి. పడవను కట్టిన బోయా ప్రభుత్వానిది. ఒక్క రోజులో ఖాళీ చేయాలన్నది అక్కడి నియమం. చేశాం. ఇంకా దేన్ని మూయమంటారు?"

వెనక నుంచి అల్లుడు మురళి గొంతు. "పంతులు గారూ, అత్తయ్యగారి లాజిక్‌లో బగ్ లేదండీ."

"మురళీ, ప్లీజ్! జోకులా ఇప్పుడు?" అని శైలజ.

పంతులు గారు రోజూ ఒక దీపం పెట్టుకోండమ్మా చాలు అన్నారు. పెట్టుకుంటానన్నాను. కాలిన్ తాళంచెవి నా చేతిలో పెట్టి, నాకీ విషయాలు తెలియవు మిసెస్ రావు, అన్నాడు.

గెలిచాను. ఏమీ అనిపించలేదు. వంకాయలు కోసుకున్నాను.

22 నవంబరు

దీపం. గాలికి రెండుసార్లు ఆరింది. మూడోసారి గాజు లాంతరులో పెట్టాను. నమ్మి కాదు, మాట ఇచ్చినందుకు.

28 నవంబరు

మెరీనా ఎదుట బయటి ఊళ్ళ పడవల కోసం వేసిన మూరింగ్ ఒకటి ఖాళీగా ఉంది. సాధన మొదలు. చుక్కాని వదిలి ముందుకొసకు పరుగెత్తాను— పరుగు అనకూడదు, నా మోకాళ్ళకు అది పరుగు. చేరేసరికి గాలి పడవ ముక్కును పక్కకు తిప్పేసింది. బోయా అందకుండా జారిపోయింది. రెండోసారి కొక్కెం తగిలింది గాని, పడవ ఆగలేదు. కర్ర నా చేతిలోంచి ఊడి నీళ్ళలో పడింది.

డార్విన్ నుంచి వచ్చిన ఒక పడవాయన తన డెక్ మీద నుంచి కేకేశాడు, వచ్చి పట్టనా అని. అక్కరలేదన్నాను. కర్ర మాత్రం తేలుతూ అతని దగ్గరికే పోయింది. అతడే తెచ్చి ఇచ్చాడు. కృతజ్ఞతలు చెప్పాను. కటువుగా.

29 నవంబరు

మోకాళ్ళకు నూనె. రోజంతా పడక.

4 డిసెంబరు

చదివింది భౌతికశాస్త్రం. చెప్పింది అదే, ఆడపిల్లల కళాశాలలో, పెళ్ళయి ఇటు వచ్చేదాకా. ఆలోచించడానికి ఇన్ని రోజులెందుకు పట్టాయో తెలియదు. ఈ మధ్య ఆలోచన కూడా నీళ్ళలో నడిచినట్టుంది.

ముందుకొసకు నేను పోనక్కరలేదు. ముందుకొసన ఒక తాడు కట్టి, దాన్ని పడవ బయటి వైపు నుంచి వెనక్కి, చుక్కాని దగ్గర నా చేతికి తెచ్చుకోవాలి. బోయాను ముక్కు దగ్గర కాదు, నా పక్కన ఆపాలి. నిలబడ్డ చోటే బోయా వలయంలోంచి తాడు దూర్చి, లాగి, కట్టేయాలి. తరువాత పడవే వెనక్కి జారి, గాలికి ఎదురు తిరిగి, ముక్కుతో వేలాడుతుంది.

ఆయన ఉంటే, ఇన్నేళ్ళూ నా చేత ఊరికే కర్ర మోయించావన్నమాట, అనేవారు.

7 డిసెంబరు

తాడు పొట్టి. రాలేదు.

8 డిసెంబరు

పొడుగు తాడు. వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే రాలేదు.

12 డిసెంబరు, ఆదివారం

శైలజ, మురళి, మేఘ వచ్చారు. పులిహోర తెచ్చారు, నాకు చేతకాదని కాబోలు. మనవరాలు క్యాబిన్‌లోకి దిగుతూనే, "అమ్మమ్మా, ఆర్ యూ ఎ పైరేట్ నౌ?" అంది. అవునన్నాను. "కూల్" అంది. వీళ్ళందరిలో దానికే నేను అర్థమవుతాను.

మురళి కంప్యూటరు ఏదైనా ఉందేమోనని పడవంతా వెతికి చూశాడు. "థర్టీఫస్ట్ నైట్ సిడ్నీలో అన్నిటికన్నా సేఫ్ ప్లేస్ ఇదే అత్తయ్యగారూ. క్రాష్ అవడానికి ఏమీ లేదు." ఆ తరువాత గొంతు తగ్గించి— "మా ఆఫీసులో ఒకాయన బోట్ కొనాలనుకుంటున్నారు. ఊరికే చెప్తున్నా."

"ఊరికే చెప్పినవి ఊరికే ఉండనీ నాయనా."

వాళ్ళు జెట్టీ మీదికి వెళ్ళాక శైలజ పాత్రలు తోముతూ, నావైపు తిరగకుండా మాట్లాడింది.

"గుడికి వెళ్తే అందరూ నన్నే చూస్తున్నారమ్మా. మా అమ్మే రానంది అంటే ఎవరూ నమ్మరు. రాజ్యలక్ష్మి ఆంటీ అయితే నా భుజం తట్టి, ఫర్వాలేదమ్మా, భయం ఎవరికైనా ఉంటుంది, అంది. నేనేం చెప్పాలి? నీకు నీ ఇండిపెండెన్స్ ఉంది. నాకేముంది?"

పొడిగుడ్డ ఇచ్చాను. తుడిచింది.

13 డిసెంబరు

నాకేముంది, అన్న మాట. ఈ వదంతి నా గురించి అనుకున్నాను. మోస్తున్నది శైలజ.

18 డిసెంబరు, శనివారం

కాలిన్ చిన్న రబ్బరు పడవలో దూరంగా కూర్చున్నాడు. ఈశాన్యపు గాలి, కొంచెం ఎక్కువే. మొదటిసారి వేగం మిగిలింది. చేయి చాపనే లేదు. చుట్టు తిరిగి మళ్ళీ వచ్చాను. రెండోసారి బోయా నా మోచేతి పక్కన ఆగింది. తాడు దూర్చాను. కట్టాను. పడవ వెనక్కి జారింది, తిరిగింది, నిలిచింది.

పట్టాక ఒక మాట అనాలి. నోరు తెరిచాను. విని ఇంజను ఆపేవాళ్ళు లేరు. నేనే ఆపాను.

కాలిన్ చప్పట్లు కొట్టాడు. ఒక్కడి చప్పట్లు నీళ్ళ మీద వింతగా వినబడతాయి.

24 డిసెంబరు

బెర్త్ నా పేరున మారింది. కాలిన్ భార్య పంపిన పళ్ళ కేకు తిన్నాను. అందులో బ్రాందీ ఉందని తిన్నాక తెలిసింది. సంతోషం ఉండాలి. ఎక్కడో ఉండే ఉంటుంది.

27 డిసెంబరు

శైలజ ఫోను. ముప్పై ఒకటో తేదీన ఇంట్లో భోజనాలట. కంప్యూటర్ల గడియారాలు రెండు వేలకు మారేదాకా మురళిని ఆఫీసు వదలదు. రాజ్యలక్ష్మి గారూ, ఆ నలుగురూ వస్తారు.

"నువ్వు రావాలమ్మా. మురళి ముప్పయ్యో తారీఖున కారులో వచ్చి తీసుకొస్తాడు. వచ్చాక... కొన్నాళ్ళు ఉండిపో. ఇంక వాదించకు."

చూస్తానన్నాను.

వెళ్ళాలి. అందులో సందేహం లేదు. శైలజ కోసం వెళ్ళాలి. కాని కారులో వెళ్ళినదాన్ని మళ్ళీ కారు అడిగితేనే తిరిగి రాగలను. అక్కడ నలుగురూ చూసేది కూడా అదే— అల్లుడు చేయి పట్టి దింపిన ఒక ముసలమ్మను. వాళ్ళ 'పాపం' ఇంకాస్త పెరుగుతుంది. శైలజ మీద పడిన మాట ఎక్కడికీ పోదు.

28 డిసెంబరు

'గౌతమి'లోనే వెళ్తాను. పొద్దుటి నుంచి ఫోన్లు. సిడ్నీ హార్బరులో అతిథి బెర్తులన్నీ నిండిపోయాయి. బాణసంచా చూడడానికి దేశంలోని పడవలన్నీ అక్కడికే చేరుతున్నాయట. ఒకచోట నవ్వారు. ఒకచోట వచ్చే ఏడాదికి పేరు రాసుకోమంటారా అన్నారు.

చివరికి పారమట్టా నది పైన ఒక చిన్న క్లబ్బు. ఒక బెర్త్ ఉంది. ఆటు వచ్చి నీరు తీసినప్పుడు పడవ అడుగు బురదలో కూర్చుంటుంది, అందుకని ఎవరూ తీసుకోరు. అక్కడి నుంచి గిరావీన్‌కు టాక్సీలో పోవచ్చు.

"ఎంతమంది వస్తున్నారు?" అని అటు నుంచి ఒక ఆడమనిషి గొంతు.

"ఒకరు."

"కెప్టెన్ కాకుండానా?"

"కెప్టెన్‌తో కలిపి."

పేరు రాసుకుంటున్నాను డార్లింగ్, అంది. ఈ ఒక్కసారికి ఏమీ అనలేదు.

29 డిసెంబరు

ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే తిరిగినదంతా కొండల చాటున. పిట్‌వాటర్ ముఖాన ఉన్న బారెంజోయి మొన దాటితే ఆ చాటు ఉండదు. అక్కడి నుంచి హార్బరు ముఖద్వారం, సిడ్నీ హెడ్స్ దాకా కుడివైపు రాళ్ళు, ఎడమవైపు అంతా సముద్రం. ఇద్దరం చాలాసార్లు వెళ్ళాం. ఒంటరిగా ఎప్పుడూ లేదు. కాలిన్‌కు చెబితే వద్దంటాడు. అందుచేత చెప్పలేదు.

మురళికి ఫోను చేసి కారు వద్దన్నాను.

"అదేంటి అత్తయ్యగారూ, ట్రైన్‌లో వస్తారా? ఎండలు కదా."

"రేపు సాయంత్రానికి వస్తానని శైలజకు చెప్పు. ఎలా రావాలో నాకు తెలుసు."

వెనక ఎవరో అతణ్ణి పిలుస్తున్నారు, సర్వరు, సర్వరు అని. సరేనండీ అన్నాడు. ఎక్కువ అడిగే తీరిక లేదు పాపం.

నిమ్మకాయ పచ్చడి సీసా, మేఘకు ఒక దిక్సూచి, రెండు చీరలు. సీసా దొర్లకుండా దిండ్ల మధ్య పెట్టాను. దీపం లాంతరు సర్దాను.

30 డిసెంబరు, గురువారం

తెల్లవారింది. ఈశాన్యపు గాలి, వీపు మీదకి వచ్చేదే. సాయంత్రానికి గాలి తిరగబడి దక్షిణం నుంచి, నాకు ఎదురుగా రావచ్చునని రేడియో. సాయంత్రమంటే వాళ్ళ లెక్కలో ఎప్పుడో... మధ్యాహ్నానికే తిరిగితే నేనింకా రాళ్ళ పక్కనే ఉంటాను.

భయపడాలని తెలుసు, భయం రావడం లేదు. ఇది ధైర్యమని ఎవరూ అనుకోకూడదు.

కాలిన్ ఆఫీసు ఇంకా తెరవలేదు. తెరిచేలోగా పోవాలి. జెట్టీ తాళ్ళు నాలుగింటిలో మూడు విప్పేశాను. నాలుగోది విప్పడానికి పైకి వెళ్తున్నాను.