నీడకు రెండు తలలు

నాన్నకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి. స్టూడియో పని చేతికి పట్టుబడుతోంది. మీరిచ్చిన పాత కెమెరాలో ఒక రీలు కడగకుండా అలాగే ఉండిపోయింది, తెలుసా? మా ఓనరు చీకటిగదిలో దాన్ని నా చేతే కడిగించాడు. ఆరాక చూస్తే నెగెటివులో అమ్మ జడ తెల్లగా, పళ్లు బొగ్గులా! పక్కన గౌనులో అక్క. వాళ్ల కాళ్ల దగ్గర తెల్లటి మరక. ఎర్రదీపం కింద ప్రింటు కాగితాన్ని మందునీళ్లలో వేస్తే ఆ మరకే నల్లగా తేలింది. ఫోటో తీస్తున్న మీ నీడ!

"తీసేవాడి నీడ పడకూడదమ్మాయ్, అది కోసెయ్" అన్నాడు ఓనరు. కత్తెర పట్టుకుని ఆగిపోయాను. మీ తల పైన ఇంకో బుల్లి తల ఉంది. ఎవరో మీ భుజాలెక్కి కూర్చున్నారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా నీలం స్వెటరు పంపండి, ఈ గదిలో మహా చలి.

ఇంట్లో ఏ ఫోటోలోనూ నేను లేనని మిమ్మల్ని ఎన్నేళ్లు సాధించి చంపాను! ఆ రెండో తల ఎవరిదో నవ్వి ఊరుకోకుండా మీరే రాయండి. అమ్మకు నమస్కారం, అక్కకు వెక్కిరింత.

నీడ కోయలేదు.

మీ చిన్నది