గిడియన్ వెంట ఇద్దరు

పంజగుట్ట,
సోమవారం ఉదయం

జ్ఞానక్కా,

ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాను. బాస్కెట్‌బాల్ ఆఖరి మ్యాచ్‌లో నీ కొడుకు గిడియన్‌కి బాల్ ఇవ్వడం లేదని నువ్వు మధ్యలోనే లేచి వెళ్లిపోయావు. కోచ్‌ని నేనే కదా, కోపం నామీదే.

సిరీస్‌లో అప్పటికి చెరి రెండు గెలిచాం. గిడియన్ చుట్టూ ఎప్పుడూ అవతలి జట్టు మనుషులు ఇద్దరు. నాకు ఏమీ తోచలేదు. వాడే వచ్చి చెప్పాడు.

"మామా, నేను మూలకు పోయి నిలబడ్త. ఆ ఇద్దరు నా వెంటే వస్తరు. మనోళ్లు నలుగురికి వాళ్లు ముగ్గురే మిగుల్తరు."

"మీ అమ్మ బాధపడ్తది రా."

"గెలుస్తం గద మామా."

గెలిచాం. మన జట్టులో తారక్ ముప్పై పాయింట్లు కొట్టాడు, గిడియన్ రెండే. పేపర్లో వాడి పేరు లేదు.

అలసిపోయానక్కా, వాదించే ఓపిక లేదు. ఈ ఉత్తరం తీసుకుని వాడే మధ్యాహ్నానికి ఇంటికొస్తాడు. నన్ను తర్వాత తిట్టు. వాడికి మాత్రం గెలిచొచ్చినవాడికి పెట్టినట్టు అన్నం పెట్టు.

నీ తమ్ముడు