నలుగురు డోనల్ హెగార్టీలు

స్కిబరీన్ దగ్గర, ఐర్లండ్,
మార్చి 1921

తమ్ముడూ డోనల్,

ఇది చదవగానే మేనత్త ఇల్లు వదిలి, ఈ ఉత్తరం తెచ్చిన పడవతనితోనే వెళ్ళిపో. కారణం చెబుతాను.

మన ఊళ్ళో ఇళ్ళన్నీ హెగార్టీలవే, డోనల్‌లే నలుగురు. మారుపేర్లు లేకపోతే మనకే తెలియదు ఎవరు ఎవరో. మొన్న ఇంగ్లీషు సైనికులు నీ కోసం వచ్చినప్పుడు అమ్మ "ఏ డోనల్, దొరా?" అంది. వాళ్ళు మేకల డోనల్‌ని పట్టుకెళ్ళి, తిట్టి వదిలేశారు.

నిన్న ఒక మర్యాదస్తుడు వచ్చాడు. హెగార్టీ అనే ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని పుస్తకం రాస్తున్నానన్నాడు. చిన్నాన్నకు విస్కీ పోశాడు. చిన్నాన్న పొంగిపోయాడు.

"మావాళ్ళు ఉత్తరాన డెర్రీ నుంచి కత్తులు పట్టుకుని దిగారయ్యా, అడుక్కుంటూ రాలేదు!" అంటూ ఒక్కో ఇంటి కథా చెప్పాడు.

"మరి ఈ డోనల్‌ల సంగతేమిటి?" అని అతను నవ్వుతూ అడిగాడు.

"మేకల డోనల్ ముసలాడు. ఎర్ర డోనల్ ఉయ్యాల్లో ఉన్నాడు. కుంటి డోనల్ మంచం దిగడు. మా అన్న కొడుకు గడియారాల డోనల్ ఒక్కడే గట్టివాడు. బాంట్రీలో మేనత్త దగ్గరున్నాడు."

నేను చిన్నాన్న కాలు తొక్కాను. "కాలెందుకు తొక్కుతావే పిల్లా?" అని పైకే అరిచాడు.

అతను వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. మన వంశం పుట్టుక వెతికే మనిషి మన శ్మశానం పక్కనుంచే నడిచాడు. ఒక్క సమాధి దగ్గరా ఆగలేదు. సైనికుల శిబిరం దారి పట్టాడు.

ఆ పుస్తకం ఎప్పుడొస్తుందని చిన్నాన్న పొద్దున్నించీ అడుగుతున్నాడు.

మీ అక్క