వాగ్దానాల గోడకు అవతల

నవంబర్ 3
స్నానాల గది గోడ ఉబ్బింది. షవర్ కింద టైల్స్ తట్టి చూస్తే డొల్ల చప్పుడు. ఒకటి చేతిలోకే ఊడొచ్చింది. వెనక సిమెంటు తడి పిండిలా ఉంది. అత్తమ్మ పట్టుకోవడానికి కడ్డీ బిగిద్దామనుకున్న చోటే! ఇంకెక్కడా చోటు దొరకలేదు దీనికి.

నవంబర్ 4
నర్సంపేట నుంచి అత్తమ్మ ఫోన్. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి కూతురింట్లోనే ఉంది. "స్నానం ఒక్కటే కష్టమైతాంది బిడ్డా. కన్నబిడ్డే నీళ్లు పోసినా సిగ్గయితది... మనింట్ల కడ్డీ పెట్టిండ్రా? గడియ పెట్టుకొని నా నీళ్లు నేనే పోసుకుంట."
పెడుతున్నాం అన్నాను. గోడ సంగతి చెప్పలేదు. ఆమె అడిగింది ఆ ఒక్కటే.

నవంబర్ 6
సాంబయ్య మేస్త్రి నల్లాలన్నీ తిప్పి చూశాడు. ఎక్కడా కారడం లేదు. నాకెందుకో అనుమానం వచ్చి, గోడకు ఇవతల మా పడకగదిలో చివరి ఫ్రేము ఎత్తి చూశా... వెనకంతా చెమ్మ. మా ఆయన దాని మేకు పీకారు. నీళ్లు సర్రున మంచం మీదికి!
ప్రతి జనవరికీ చర్చిలో ఆ ఏటి వాగ్దానమని ఇచ్చే బైబిల్ వాక్యాన్ని ఫ్రేము కట్టించి తగిలిస్తాం. పాతది తీయొద్దు, కొత్తది దాని పక్కనే — అత్తమ్మ పెట్టిన పద్ధతి. వరుస ఏటా జరిగి జరిగి ఈసారి పైపు మీదికి చేరింది. ఈయన కొట్టిన మేకే ఇన్నాళ్లూ బిరడాలా ఉండి, చుక్క చుక్కగా గోడను నానబెట్టింది. ఈయన ముఖం చూసి నవ్వాగక వంటింట్లోకి పారిపోయా.

నవంబర్ 8
పైపు బాగైంది. గోడను ఇటుక దాకా చెక్కారు. ఈయనకేమో తొందర — ఇవాళే టైల్స్ వేసేద్దామని. "తడి మీద ఏస్తే మళ్ల ఉబ్బుతది సార్, జర ఆగుండ్రి," అన్నాడు మేస్త్రి. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఇప్పుడు గోడకే.

నవంబర్ 12
ఆరుతోంది.

నవంబర్ 16
సుబేదారి షాపులన్నీ తిరిగినా పాత టైల్స్ నీలం రంగు దొరకలేదు. పసుపువి తెచ్చి వేయించాను. "గిదేం అతుకు?" అంటారు ఈయన. నాకు మాత్రం భలే నచ్చింది. పళ్లు తోముకుంటూ కూడా దాన్నే చూస్తున్నా.

నవంబర్ 19
కడ్డీ బిగించారు. పైపు ఎటు పోతుందో మేస్త్రి ముందు సుద్దతో గీశాడు. ఈయన డ్రిల్ అందుకోబోతే మేమిద్దరం ఒక్కసారే చూశాం. చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.
సాయంత్రం నేను పట్టుకుని వేలాడాను. తర్వాత ఈయన బరువంతా వేసి లాగారు. కదల్లేదు. ఎంత సంతోషమో.

నవంబర్ 22
అత్తమ్మ వచ్చింది. రాగానే ఫ్రేముల వరుసలో ఖాళీ కనిపెట్టింది. అంతా చెప్పేశాం. ఈయన తల వంచుకున్నారు. "పద్ధతి పెట్టింది నేనైతె నిన్నేమంట కొడుకా. కింద ఇంకో వరుస మొదలుపెట్టు, ఆ మూల నుంచి," అంది. మేకు ఎవరు కొట్టాలన్నది మాత్రం తేలలేదు.

నవంబర్ 23
లోపలికి వెళ్లింది. గడియ పడింది. తలుపు పక్కన పీట వేసుకుని రాస్తున్నా.
చెంబు చప్పుడు... ఆగింది. లేస్తోందా? కడ్డీకి ఉంగరం తగిలింది. తర్వాత ఏమీ లేదు.
"ఈడనే కూసున్నవా?"
"లేదత్తమ్మా, వంటింట్ల ఉన్న." తలుపుకు చెయ్యి ఆనించి మరీ చెప్పాను.
"ఆఁ. ఆడనే ఉండు, ఎటూ పోకు."