కరువుకు వేయాల్సిన రంగు

శింగనమల,
సెప్టెంబరు 18, గురువారం.

చిరంజీవి త్రివేణికి,

మీ జేజి లక్ష్మీదేవమ్మ దీవెనలు. మొన్న నువ్వు వేసిన బొమ్మ ఫోన్లో పంపి, కరువు రంగు ఎరుపు జేజీ అన్నావు. తప్పు. ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పినదాన్ని, దిద్దకుండా ఉండలేను. నేలంతా నెర్రెలు వేశావు. నెర్రెలిచ్చేది నల్లరేగడి, మన ఎర్రనేల కాదు. మూలన ఎద్దు పుర్రె ఒకటి. ఊళ్లో ఎద్దులు పోయి ట్రాక్టర్లొచ్చి పదేళ్లు దాటింది, దాన్ని ఏ సంతలో కొన్నావో.

మన కరువు రంగు పచ్చ. ఇప్పుడొచ్చి మన వేరుశెనగ చూడు. ఆగస్టంతా చినుకు లేదు. కాయ పట్టాల్సిన ఊడలు గట్టిపడిన మట్టిలోకి దిగలేక మొనలు మాడిపోయాయి. పోయిన వారం వాన పడేసరికి చెట్లన్నీ కొత్త ఆకు వేసి, పెళ్లికి ముస్తాబైనట్టు నిగనిగలాడుతున్నాయి. పీకి చూస్తే ఒక్క కాయ లేదు.

సోమవారం పంటనష్టం రాసుకునేవాళ్లు వస్తారట. ఆ మాట విన్నప్పటినుంచి మీ నాయన ఓబులేసు సరిగ్గా తినడం లేదు. పొద్దున్నే పోయి గట్టు మీద కూర్చుంటాడు. నిన్న సంగటి తీసుకుపోయి, ఏమప్పా, గట్టును ఎవరైనా ఎత్తుకుపోతారనా కాపలా అని అడిగాను. నవ్వలేదు. రోడ్డు మీంచి చూస్తే పచ్చగా ఉండాదిమా, మా నాయనప్పుడూ ఇట్లే జీపు దిగకుండానే బాగుందని రాసుకోని పోయినారు అన్నాడు. ఆ ఏడే మీ జేజినాయన ప్రాణం తీసుకున్నాడు. మీ నాయనకు ఇప్పుడు సరిగ్గా ఆయన పోయినప్పటి వయసే. అందుకే పురుగుమందులున్న షెడ్డుకు తాళం వేసి, చెవి నడుముకు దోపుకుని తిరుగుతున్నాను.

ఇదంతా ఫోన్లో చెబితే పక్కనుండి వింటాడు. రేపు నువ్వుండే కడపకు వస్తున్న మన ఊరి దాసప్ప చేతికి ఈ జాబు ఇస్తున్నాను.

ఆ ఎర్రబొమ్మ పక్కన పెట్టి, దుప్పటంత గుడ్డ మీద కొత్తది వేయి. ఎరుపు చూపిస్తే మనిషి ముందే బెదిరి మొహం తిప్పుకుంటాడు. పచ్చ చూపించు, దగ్గరికొస్తాడు. ముప్పాతిక భాగం మచ్చలేని పచ్చ. అక్కడక్కడా పసుపు పూలు. అడుగున ఎర్రమట్టి, దాన్ని తాకీ తాకని ఊడలు. వాటి మొనలకు నలుపు, బొమ్మలో ఇంకెక్కడా నలుపు వాడొద్దు. దాన్ని రోడ్డు పక్కన కడదాం. ఇదేం పిచ్చి అని చూడ్డానికైనా జీపు దిగుతారు. దిగినవాడి చేతికి నేను చెట్టు పీకి ఇస్తాను.

ఆదివారానికల్లా రా. మీ నాయనతో ఊరికే వచ్చానని చెప్పు.

ఇట్లు,
నీ బొమ్మకు మార్కులు కోసిన
మీ జేజి

తాజా కలం: జాబు మడిచి మళ్లీ విప్పాను. ఆనాడు జీపు దిగలేదన్నది నిజమే, కానీ దిగబోయారు. బడికి పోతున్న నన్ను చూసి, టీచరమ్మా, మీ పంట ఎట్లుండాది అని అడిగినారు. నేను పచ్చదనం చూసి, ఈసారి బాగుంది సార్ అన్నాను. ఒక్క చెట్టు పీకి చూడలేదు. నా మాట మీదే రాసుకుని పోయారు. ఇది మీ జేజినాయనకు చెప్పలేదు, మీ నాయనకూ చెప్పలేదు. సోమవారం గడిచాక చెబుతాను. అప్పుడు నువ్వు నా పక్కనుండాలి.

ఇంకొకటి. షెడ్డు తాళానికి రెండు చెవులు. రెండోది దేవుడి గూట్లో ఉండేది, ఇప్పుడు చూస్తే లేదు. నా మంచం షెడ్డు వాకిలికి అడ్డంగా వేయించుకున్నాను. ఆదివారం వద్దు, రంగు తడారకపోయినా శనివారమే బయల్దేరు. బస్సు దిగగానే వీరప్ప అంగట్లో గట్టి తాళం ఒకటి కొను. చెవులు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని తీసుకో.