ఎర్ర మూత, ఆకుపచ్చ మూత

13 అక్టోబరు 1997, సోమవారం

దూలపల్లి షెడ్డులో హైడ్రాలిక్ ప్రెస్సు ఈరోజు కుదుపులతో దిగింది. రేకు సర్దుతున్న ఆపరేటర్ యాదగిరి చెయ్యి నలగకుండా కొద్దిలో బయటపడింది.

ట్యాంకు తెరిస్తే లోపలంతా నురగ. యాదగిరి కాస్త నూనె తీసి వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "సార్, గిది ప్రెస్సుల పోసేది గాదు. జనరేటర్ల పోసే ఇంజన్ ఆయిల్. మస్తు చిక్కగున్నది."

రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఇంజన్ ఆయిల్ మసిని తనలో పట్టి ఉంచాలి. హైడ్రాలిక్ ఆయిల్ నురగ కట్టకుండా ఒత్తిడిని మోయాలి. పొరపాటు జరగకూడదనే ఇంజన్ ఆయిల్ డ్రమ్ముకు ఎర్ర మూత, హైడ్రాలిక్ డ్రమ్ముకు ఆకుపచ్చ మూత పెట్టాం. పొద్దున యాదగిరి ఆకుపచ్చ మూత ఉన్న డ్రమ్ములోంచే పోశాడు.

మేనేజరు అతని మాట వినలేదు. "పోసేముందు చూసుకోవద్దా?" అని కసిరి, రెండు రోజులు పనికి రావద్దన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

మొన్న ఆయుధపూజకు ఆ మూతలు కడిగి, బొట్లు పెట్టి, మళ్లీ బిగించింది నేనే.

ఇంటికి వెళ్లేముందు యాదగిరి మూతలు రెండూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి బిగించాడు. నావైపు చూడకుండానే అన్నాడు: "బొట్లయితే మంచిగ పెట్టిండ్రు సార్."